చేప, నీళ్ళు, ఉప్పు

నా బరువు ఇప్పుడు యాభై ఆరు కిలోలు. అన్నం మెత్తగా కలిపి పెడితే నమలగలను. మాట కొంచెం ముద్దగా వస్తుంది. ఫోన్లో కొత్తవాళ్ళు రెండుసార్లు అడుగుతారు, ఇంట్లోవాళ్ళు అడగరు. ఇక మూడు నెలలకొకసారి వస్తే చాలని డాక్టరు గారు అన్నారు.

రాజమండ్రిలో ఒక దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్ళు ఇతరులు రాసిన వార్తలు దిద్ది రిటైరయిన మనిషిని. నా గురించి నేను రాసుకునే అలవాటు లేదు. కానీ నిరుడు వైద్యం జరుగుతున్న రోజుల్లో, ఒక చేపల డబ్బా గురించి కొందరికి ఒక మాట చెప్పాను. ఆ మాట తప్పని తరవాత తెలిసింది. నాలాగే నోటి కేన్సరుతో ఉన్నవాళ్ళు దాన్ని నమ్మారు. వాళ్ళ ఊరు తెలుసు, ఇల్లు తెలియదు. ఆ మాట సరిదిద్దాలంటే జరిగింది మొదటి నుంచీ చెప్పాలి.

జనవరి

నవంబరు నుంచీ నాలుక కుడి పక్కన చిన్న పుండు. పన్ను గీసుకుందనుకున్నాను. రాత్రి డ్యూటీల రోజుల్లో నిద్ర ఆపుకోవడానికి జర్దా కిళ్ళీ అలవాటైంది. రిటైరయ్యాక తగ్గింది గాని పోలేదు. రెండు నెలలు తేనె రాశాను. నా భార్య సత్యవతి రోజూ అంటూనే ఉంది, "ఒకసారి చూపించుకోండి, చూపిస్తే పోయేదేముంది" అని. చివరికి చూపించుకున్నాను. ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితం చెప్పిన రోజు డాక్టరు గారి టేబుల్ మీద ఒక గాజు పేపర్‌వెయిట్ ఉంది. అందులో బుడగలు పదకొండు. ఆయన ఏం చెప్పారో నాకు సత్యవతి బయట మెట్ల మీద కూర్చోబెట్టి మళ్ళీ చెప్పింది. నేను తల ఊపాను. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోవాడితో ఆవిడే మాట్లాడింది.

ఇది చదివేవాళ్ళకి ఈ నెల గురించి చెప్పదగ్గది ఒక్కటే. నోట్లో పుండు రెండు మూడు వారాల్లో మానకపోతే తేనె రాస్తూ కూర్చోకండి.

ఆపరేషన్లో నాలుక కొంత పోయింది. తరవాత ఏడు వారాల రేడియేషన్ అన్నారు. ఆ రోజుల్లో నాకు భయం వేయలేదని చెబితే అందరూ ధైర్యం అనుకున్నారు. ధైర్యం కాదు. ఏదీ నా దాకా రాలేదు, అంతే. జరిగేదంతా పక్కింట్లో టీవీ మోగుతున్నట్టు వినిపించేది.

మార్చి మొదట్లో

ఆస్పత్రి కింది అంతస్తులో పొడవాటి హాలు. గోడకి ఆనించి ఇనప కుర్చీలు, శబ్దం తీసేసిన టీవీ, ఒక మూల బరువు తూచే యంత్రం. మా పేర్లు పిలిచినప్పుడు లోపలికి వెళ్ళాలి. ముఖానికి అచ్చుపోసిన వల లాంటి ముసుగు వేసి బల్లకి బిగిస్తారు. కొద్ది నిమిషాలు కదలకూడదు. నొప్పి ఉండదు. నొప్పి మూడో వారంలో మొదలవుతుందని ముందే చెప్పారు. మూడో వారంలోనే మొదలైంది.

ప్రతి సోమవారం డైటీషియన్ స్వప్న అనే అమ్మాయి మమ్మల్ని యంత్రం ఎక్కించేది. మొదటి సోమవారం నా బరువు యాభై ఎనిమిది.

"అంకుల్, యాభై కిందకి రాకూడదండి. వస్తే ముక్కులోంచి గొట్టం వేసేస్తారు. ఇప్పటి నుంచీ గుడ్లు, పాలు, చేపలు, ఏదైనా మెత్తగా చేసుకుని తినండి. కారం వద్దు, పులుపు వద్దు, ఉప్పు బాగా తక్కువ. నోరు పుండైపోతుంది కదా, అన్నీ మండుతాయి."

గొట్టం అంటే ఏమిటో నాకు పక్క కుర్చీలోనే కనపడింది. అక్కడ అప్పారావు గారు కూర్చునేవారు. అంతర్వేది వైపు మనిషి. చాలా కాలం సరుకు ఓడల్లో వంటవాడిగా తిరిగి వచ్చారు. సన్నటి గొట్టం ఆయన ముక్కులోంచి వచ్చి చెంప మీద ప్లాస్టరుతో అంటించి ఉండేది. గంటకోసారి ఆయన భార్య సిరంజితో అందులో ఏదో పోసేది. ఆవిడ పోస్తుంటే ఆయన గోడ మీది గడియారం చూస్తూ ఉండేవారు.

"ఎలా ఉంటుందండీ?" అని అడిగాను. అప్పటికి నాకింకా మాట వస్తోంది.

"ఏముందండీ, ఆకలి తీరుద్ది. తిన్నట్టుండదు." చెంప మీది ప్లాస్టరు నొక్కుకుని అన్నారు, "మీరు మాత్రం దీని దాకా రాకండి బాబుగారూ. నోటితో తినేది మానేసినోడికి మళ్ళీ మింగడం నేర్పాలంట. నాకు చెప్పారు."

ఇంట్లో సత్యవతి సిద్ధంగానే ఉంది. ఆవిడది నరసాపురం. చేపల పులుసులో ఆవిడ చెయ్యి గురించి మా బంధువుల్లో తెలియనివాళ్ళు లేరు. పులుపు, కారం లేకుండా చేప వండడమన్నది ఆవిడ జీవితంలో చేయని పని. నాకోసం చేసింది. ఆవిరి మీద ఉడికించి, ముళ్ళు తీసి, అన్నంలో మెదిపి పెట్టింది. మొదటి ఇబ్బంది వాసన. రేడియేషన్ మొదలయ్యాక ఉడుకుతున్న చేప వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది. వంటింటి తలుపు వేసుకుని వండమన్నాను. అప్పటి నుంచి వేసుకునే వండింది. రెండో ఇబ్బంది, ఒకరోజు ముల్లు ఒకటి మిగిలిపోయింది. వెంట్రుకంత ముల్లు. పుండులో దిగింది. దాన్ని తీయడానికి మళ్ళీ ఆస్పత్రికే వెళ్ళాల్సి వచ్చింది.

ఆ తరవాత చేప కంచం చూస్తే నా నోరు దానంతటదే మూసుకునేది. పాలు తాగితే గొంతులో జిగురు. గుడ్డు తింటే వాంతి. పెసరపప్పు జావ ఒక్కటే దిగేది. మార్చి రెండో సోమవారం యాభై ఆరు, మూడో సోమవారం యాభై నాలుగున్నర.

"డబ్బా చేప తినండి," అన్నారు అప్పారావు గారు. "ఓడలో పళ్ళు లేని సరంగు ఒకడు అదే తిని బతికేవాడు. వండక్కర్లేదు, వాసన రాదు. డబ్బాలోనే ఉడికిపోయి ముల్లు కూడా వెన్నలా నలిగిపోద్ది. కాకపోతే చూసి తీసుకోండి. ఈ రోజుల్లో అందులో చేప తక్కువ, చెత్త ఎక్కువ."

మార్చి చివర

సత్యవతి తమ్ముడు రాంబాబు బీమా ఏజెంటు. రోజుకో ఊళ్ళో ఉంటాడు. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ డబ్బాలు కొని ఒక సంచీ నిండా తెచ్చి బల్ల మీద పరిచాడు.

"గోదారొడ్డున ఉండి డబ్బాలో చేపలేంటి బావా, ఎవరైనా వింటే నవ్విపోతారు. దానవాయిపేటలో షాపువాడు అడిగాడు, 'ఫారిన్ నుంచి చుట్టాలొచ్చారాండీ' అని."

అప్పటికి నాకు మాట ఆగిపోయింది. పలక లాంటి తెల్ల అట్ట మీద రాసి చూపించేవాణ్ణి. కళ్ళజోడు పెట్టుకున్నా ఆ చిన్న అక్షరాల మీద చూపు నిలిచేది కాదు. కనుక డబ్బాలు సత్యవతి చదివింది.

ఇక్కడ మా డెస్కు పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రూఫులు ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. ఒకరు అసలు కాపీని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతారు. రెండోవారు అచ్చు కాగితం మీద దిద్దుకుంటూ పోతారు. చదివేవాళ్ళు అర్థం గురించి ఆలోచించకూడదు, ఆగకూడదు, మొహంలో ఏమీ చూపించకూడదు. ఉన్నది ఉన్నట్టు చదవాలి. రిటైరయ్యాక నేను అడపాదడపా రాసే వ్యాసాలకి ఆ చదివే పని సత్యవతిది. పదో తరగతి వరకు తెలుగులో చదువుకున్న మనిషి. ఇంగ్లీషు మాట తెలియకపోతే అక్షరాలు చదువుతుంది.

"ఎమ్, ఓ, డి, ఐ, ఎఫ్... మాడిఫైడ్ స్టార్చ్, కామా. గ్వార్ గమ్, కామా. ఎసిడిటీ రెగ్యులేటర్, బ్రాకెట్లో మూడు వందల ముప్పై, కామా."

నేను గాలిలో పెన్సిలుతో కొట్టివేత గుర్తు గీసేవాణ్ణి. ఆ డబ్బా పక్కకి పోయేది. మూడు వందల ముప్పై అంటే నిమ్మ ఉప్పు లాంటి పులుపు. స్వప్న రాసిచ్చిన కాగితంలో ఉంది. ఒక డబ్బాలో టమాటా గుజ్జు. ఒకదాంట్లో మిరపకాయ నూనె. ఇంకొక దాంట్లో పొగ వాసన కోసం ఏదో ద్రావకం. ఒకదాని మీద షాపువాడి ధర చీటీ సరిగ్గా పదార్థాల మీదే అంటించి ఉంది. రాంబాబు గోరుతో గీకి తీశాడు. కింద ఏడు వరుసలున్నాయి.

"మా అక్క పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు కదా బావా నువ్వు," అన్నాడు.

"అప్పుడు మాట్లాడ్డానికి మన నాన్నగారు వదిలారా?" అంది సత్యవతి. మళ్ళీ డబ్బా తిప్పి చదవడం మొదలుపెట్టింది.

అన్నిట్లోకీ ఒక్కటే నిలిచింది. పైదేశం నుంచి వచ్చింది. చేప, నీళ్ళు, ఉప్పు, అంతే. ఆ ఒక్క డబ్బా ధరకి మా బజార్లో రెండు కిలోల మంచి చేపలు వస్తాయి. రోజుకి రెండు డబ్బాలు కావాలి. సత్యవతి దాన్ని బీరువాలో పెట్టింది, బంగారం పెట్టినట్టు.

కాకినాడ పోర్టు దగ్గర ఓడలకి సరుకులు వేసే షాపు ఒకటుందని అప్పారావు గారే చెప్పారు. షాపాయన పేరు విశ్వనాథం గారు. రాంబాబు అక్కడికి వెళ్ళి ఫోను స్పీకర్లో పెట్టాడు.

"నేను చేప ముట్టనండి," అన్నాడాయన ముందుగానే. "మా ఇంట్లో ఉల్లిపాయ కూడా శనివారాలు తినం. లోపల ఎలా ఉంటదో నన్నడక్కండి. కానీ ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నానండి. ఓడలవాళ్ళు ఏది విసుక్కుని వెనక్కిచ్చారో, ఏది మళ్ళీ అడిగారో నాకు తెలుసు. నీలం కాగితం చుట్టింది ఒకటుంది. కవళ్ళు. పడమటి తీరం నుంచి వస్తది. చూడ్డానికి బాగోదు కాబట్టి చవక. చదవమంటారా?"

"చదవండి," అంది సత్యవతి.

"చేప. నీళ్ళు. ఉప్పు."

"ఇంకా?"

"ఇంకేం లేదమ్మా. ఇక్కడితో అయిపోయింది. తరవాత అడ్రసే."

రాంబాబు రెండు డజన్లు తెచ్చాడు. కవళ్ళు అంటే అరచేతికి సరిపోయే సముద్రపు చేపలు. ఆ సాయంత్రం సత్యవతి వంటింటి తలుపు వేసుకుని ఒక డబ్బా తెరిచింది. పెసరపప్పు జావలో మెదిపి గిన్నెలో తెచ్చింది. వాసన లేదు. ముల్లు లేదు. చెంచాతో నోట్లో పెట్టుకున్నాను.

మండింది.

నోట్లో రుచి పూర్తిగా పోయి అప్పటికి పది రోజులైంది. తీపీ లేదు, పులుపూ లేదు. మంట ఒక్కటే తెలిసేది. ఆ మంట కూడా నాకు కాక ఇంకెవరికో పుడుతున్నట్టుండేది. కానీ కళ్ళలోంచి నీళ్ళు కారేవి, చెంచా చేతిలోంచి పడేది. సగం గిన్నె వదిలేశాను.

ఏప్రిల్

మంట తగ్గుతుందేమోనని వారం రోజులు చూశాను. తగ్గలేదు. అట్ట మీద రాసి సత్యవతిని అడిగాను: "ఇందులో ఏం వేశావు?"

"ఏమీ వేయలేదండీ," అంది. "కడిగానంతే."

అట్ట తుడిచేశాను. ఆవిడ అబద్ధం చెప్పదు. అయితే అబద్ధం డబ్బా మీదే ఉండాలి. ముప్పై ఏళ్ళు అచ్చు కాగితాల మధ్య బతికినవాణ్ణి కనుక అచ్చులో అబద్ధం ఉండడం నాకు కొత్త కాదు. చేప, నీళ్ళు, ఉప్పు అని రాసి లోపల పులుపేదో కలుపుతున్నారని తేల్చుకున్నాను. ఆ కంపెనీకి ఒక ఉత్తరం రాశాను. మూడు పేరాలు. మంచి ఉత్తరం. డెస్కులో ఉండి ఉంటే ఒక్క అక్షరం దిద్దేవాణ్ణి కాదు. ఇలాంటి సరుకు అమ్మొద్దని విశ్వనాథం గారికి చెప్పమని రాంబాబుకి రాసిచ్చాను.

ఇంకొక పని కూడా చేశాను. ఈ వ్యాసం దాని గురించే.

పిఠాపురం నుంచి ఒక టీచరమ్మ వచ్చేది. నలభై ఏళ్ళుంటాయి. మెడకి ఎప్పుడూ తెల్ల నూలు కండువా చుట్టుకునేది. వాళ్ళాయన రోజూ సెలవు పెట్టి బస్సులో తీసుకొచ్చేవాడు. ఆవిడ బరువు కూడా జారుతోంది. మేం డబ్బాల కోసం వెతుకుతున్నామని విని ఆయన ఒకరోజు నా దగ్గరికి వచ్చి వంగి అడిగాడు.

"సార్, ఆ నీలం డబ్బా బాగుంటుందాండీ? మా ఆవిడ కూడా చేపయితే తింటానంటోంది. మీరు పేపరాయన కదా, అన్నీ చదివే ఉంటారు. మీరు చెప్తే కొంటాను."

చీటీ మీద రాశాను: "వద్దు. లేబుల్ అబద్ధం. నోరు మండుతుంది."

ఆయన చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "థాంక్సండి, బతికించారు," అన్నాడు. కుర్చీలో ఆవిడ వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆవిడ సరేనన్నట్టు తల దించుకుంది.

ఆ సోమవారం నా బరువు యాభైన్నర. స్వప్న కాగితం మీద రాసుకుంది. సత్యవతి యంత్రం మీద అంకె వైపు చూసి, నా చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది.

వేరే దారి లేక అవే డబ్బాలు సగం సగం తింటూ వచ్చాను. శనివారం ఆస్పత్రి లేదు. పదకొండు గంటలప్పుడు కరెంటు పోయింది. వంటింట్లో ఉక్కపోసి సత్యవతి తలుపు తీసింది. నేను హాల్లో నా కుర్చీలో ఉన్నాను. అక్కడి నుంచి సింకు తిన్నగా కనిపిస్తుంది. నెల రోజులుగా మూసి ఉన్న తలుపు కనుక ఈ సంగతి నేను మరిచిపోయాను.

ఆవిడ డబ్బా తెరిచింది. నీళ్ళు సింకులో వంచేసింది. చేపల్ని గిన్నెలోకి తీసింది. రాళ్ళుప్పు గుప్పెడు వేసింది. పసుపు వేసింది. నిమ్మకాయ కోసి పిండింది. నాలుగు వేళ్ళతో, చేప చితక్కుండా, మెల్లగా కలిపింది. కాసేపు అలా ఉంచి, నీళ్ళు పోసి కడిగి వంచింది. మళ్ళీ పోసింది. మళ్ళీ వంచింది. మూడోసారి వాసన చూసి, తృప్తిగా తల ఊపుకుని జావలో వేసింది.

మా వైపు ఇంటికి వచ్చిన ఏ చేపయినా ఇదే పని. నీచు పోవాలంటే ఉప్పు, పసుపు, నిమ్మకాయ వేసి మూడు నీళ్ళలో కడగాలి. మా పెరటి గట్టు మీద ముప్పై నాలుగేళ్ళుగా ఆ చేతులు ఆ పని చేస్తుంటే చూశాను. అది వండడం కాదు, వేయడం కాదు. కడగడం. పచ్చి చేపకి ఆ తరవాత గట్టిగా నీళ్ళు తగులుతాయి, ఏమీ మిగలదు. డబ్బా చేప దూదిలా ఉంటుంది. పీల్చుకున్నది పీల్చుకుంటుంది. గట్టిగా కడిగితే చితికిపోతుందని ఆవిడ మెల్లగానే కడిగింది.

కోపం రావాలి. రాలేదు. ఏడుపు రావాలి. అదీ రాలేదు. ఉత్తరం గుర్తొచ్చింది. చీటీ జేబులో పెట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఊళ్ళన్నీ తిరిగి తెచ్చిన డబ్బాలన్నిటి మీదా ప్రతి మాటా చదివించుకున్నాను. నా ఇంట్లో, ఇరవై అడుగుల దూరంలో, తలుపు అవతల ఏం కలుస్తోందో చూడలేదు. "కడిగానంతే" అని ఆవిడ చెప్పింది కూడా. ఆ మాట మీంచి దాటిపోయాను.

గిన్నె తెచ్చింది. తిన్నాను. ఆ పూట మొత్తం తిన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయి, "ఇవాళ బాగుందాండీ?" అంది. తల ఊపి, అట్ట తీసుకున్నాను.

అట్ట మీద నిజం రాయాలి. చాలాసేపు పెన్ను పట్టుకుని ఉన్నాను. చివరికి రాశాను: "ఇక కడగొద్దు. బలమంతా డబ్బా నీళ్ళలోనే ఉంటుందట. ఉన్నదున్నట్టు కలిపెయ్యి."

చదివింది. మొహం పాలిపోయింది. "అయ్యో, ఇన్నాళ్ళూ బలమంతా సింకులో పోశానా? ముందే చెప్పొద్దాండీ? చదువుకున్నవాళ్ళు మీకు తెలియాలి గాని నాకేం తెలుసు."

చిన్న మాటతో ఆవిడకి బాధ తప్పిద్దామనుకున్నాను. దానికే ఆవిడ ఆ రోజంతా అన్నం తినలేదు.

మర్నాడు కడగని చేప మండలేదు. కొద్దిగా చురుక్కుమంది, అంతే. రెండు గిన్నెలు తిన్నాను. సోమవారం యంత్రం ఎక్కాను. నలభై తొమ్మిది పాయింట్ రెండు.

గొట్టం

ఇరవై మూడు రోజులు ఉంది. వేసేటప్పుడు వాంతి వచ్చినట్టవుతుంది, మింగమంటారు, మింగుతూ ఉండాలి. తరవాత అలవాటవుతుంది. సత్యవతి సిరంజి పట్టుకోవడం అప్పారావు గారి భార్య దగ్గర నేర్చుకుంది. ఆవిడ ఓపిగ్గా చూపించింది. "గాలి పోకుండా చూసుకో అక్కా, చెయ్యి కొంచెం పైకి. ఆ, అంతే. తొందర లేదు." ఆ నెలలో ఇతరులు నాకు చేసిన మంచిపనుల్లో అది గుర్తుంది.

సత్యవతి పోస్తుంటే నేను గడియారం చూసేవాణ్ణి.

ఒకరోజు పోయడం అయ్యాక సిరంజి కడుగుతూ, నా వైపు తిరక్కుండా అంది: "నా చేత్తో పెట్టింది మీకు సరిపడలేదు. అందుకే ఇది వచ్చింది." నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేయాల్సింది. అట్ట కోసం చూశాను. అట్ట అవతలి గదిలో ఉంది. లేచి వెళ్ళలేదు.

చికిత్స చివరి రోజుల్లో పిఠాపురం టీచరమ్మ కనపడలేదు. ఆవిడ వంతు ముందే పూర్తయిందని స్వప్న చెప్పింది. ఎలా ఉందని రాసి అడిగితే, "తెలీదండి అంకుల్, చెకప్ వేరే ఊళ్ళో చేయించుకుంటామన్నారు," అంది. అప్పారావు గారు వెళ్ళేటప్పుడు నాకు చెయ్యి ఊపారు. ఆయన గొట్టం అప్పటికింకా ఉంది.

మే రెండో వారం

గొట్టం తీసిన రోజు ఏం తింటారని అడిగారు. నీలం డబ్బా అని రాశాను. ఇంట్లో అయిపోయాయి. రాంబాబు విశ్వనాథం గారికి ఫోన్ చేశాడు.

"మీ బావగారే కదండీ వద్దని చెప్పించారు," అన్నాడాయన. "పెద్దమనిషి, ఊరికే అనరు కదాని తెప్పించడం మానేశాను. ఓడలవాళ్ళు అడుగుతున్నా లేదంటున్నాను."

నేను పక్కనే ఉన్నాను. మాట కొద్దిగా వస్తోంది. ఫోన్ తీసుకుని, "తప్పు నాదండి. డబ్బా మంచిదే," అన్నాను. మూడుసార్లు చెబితే ఆయనకి అర్థమైంది.

"అలాగాండీ. పారేద్దామని పక్కన పెట్టినవి నాలుగున్నాయండి. పంపిస్తాను. మళ్ళీ ఆర్డరు కూడా పెడతాను. తినండి, మీరు తిని లేవాలి ముందు."

ఆ నాలుగూ వచ్చాయి. సత్యవతి డబ్బా తెరిచి, నీళ్ళతో సహా గిన్నెలో వేసి, నా ఎదురుగానే జావలో కలిపింది. నేను మింగాను. అది గొంతులో దిగడం తెలిసింది. రుచి తెలియలేదు. రుచి ఆగస్టులో, కొంచెం, ఎడమవైపు వచ్చింది.

కంపెనీకి రెండో ఉత్తరం రాశాను, మొదటిది పొరపాటని. దేనికీ జవాబు రాలేదు. మిగిలింది ఆ చీటీ ఒక్కటే. అది ఎక్కడుందో నాకు తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ డబ్బా మీద రాసింది నిజం. అందులో ఉన్నవి చేప, నీళ్ళు, ఉప్పు మాత్రమే. మీ డాక్టరుని అడిగి, ఉన్నదున్నట్టు తినండి. మన అలవాటు ప్రకారం కడగకండి.

ఇప్పుడు

ఈ వ్యాసాన్ని ఇక్కడి దాకా రాసి నాలుగు రోజులు సొరుగులో పెట్టాను. పత్రికకి పంపేముందు ప్రూఫు చూడాలి. చూడాలంటే సత్యవతి చదవాలి. నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక కాగితాలు తీసి ఆవిడకిచ్చాను.

కళ్ళజోడు పెట్టుకుని, ఎప్పటిలాగే మొదలుపెట్టింది. కామా అంది. ఫుల్‌స్టాప్ అంది. జనవరి అయిపోయింది, మార్చి అయిపోయింది. నేను పెన్సిలు పట్టుకుని నా ప్రతి చూసుకుంటున్నాను. శనివారం దగ్గరికి వచ్చింది. తలుపు తీసింది, ఫుల్‌స్టాప్. నిమ్మకాయ కోసి పిండింది, ఫుల్‌స్టాప్. గొంతు మారలేదు. వేగం తగ్గలేదు. నలభై తొమ్మిది పాయింట్ రెండు, ఫుల్‌స్టాప్. చివరి దాకా చదివి, కాగితాలు సరిచేసి, కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"ఒకటి తప్పు రాశారండి," అంది.

ఏంటన్నట్టు చూశాను.

"రాళ్ళుప్పు కాదు. మెత్తటిది. రాళ్ళుప్పయితే ఎక్కడైనా చిన్న పలుకు ఉండిపోయి మీ పుండుకి గీసుకుంటుందని, మీకోసమని మెత్తటి ఉప్పు విడిగా తెప్పించాను. కావాలంటే రాంబాబు నడగండి."

"ఇంకా?" అన్నాను.

"ఇంకేం లేదు. మిగతాదంతా సరిగానే ఉంది. పంపించెయ్యండి."

లేచి వంటింట్లోకి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. సింకు ముందు కాసేపు ఊరికే నిలబడింది. తరవాత టీకి గిన్నె పెట్టింది.

పైన మార్చలేదు. పత్రికలో సవరణ ఎప్పుడూ కిందే వేస్తాం. ఈ వ్యాసంలో నేను చూసినట్టు రాసినచోట "రాళ్ళుప్పు" అన్నదాన్ని "మెత్తటి ఉప్పు" అని చదువుకోవాలి.